తిమ్మక్క కట్టు, కాడజెముడు పాలు

పోయిన వారం అనంతపురంలో మా అమ్మాయి కాలేజీ ఖోఖో పోటీలు చూడడానికి వెళ్లాను. ఆట మొదలయ్యే ముందు వాళ్ల కోచ్ పిల్లలను బల్ల మీద వరుసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి పాదాన్నీ తన మోకాలికి ఆనించుకుని చీలమండకు తెల్ల టేపు చుడుతున్నాడు. పిక్క కింద ఒక చుట్టు, లోపలి గిలక ఎముక నుంచి మడమ కిందుగా తీసి బయటి గిలక మీదికి ఒక లాగుడు, ఆ తర్వాత పాదం మీదా మడమ వెనకా ఎనిమిది అంకె వేసినట్టు ఒక మెలిక, చివరికి చర్రుమని చేత్తోనే తెంపడం. "టేపు ఉంది కదా అని ఎగరొద్దమ్మా, అది కాలు మడత పడకుండా పట్టుకుంటుంది, అంతే. పరిగెత్తాల్సింది మీరే" అని ప్రతి పిల్లకూ చెబుతున్నాడు. ఆ టేపు వాసన, రబ్బరూ మందూ కలిసి ఎండకు వేడెక్కిన వాసన, ముక్కుకు తగలగానే నా కుడికాలి గిలక దగ్గర దురద మొదలైంది. వంగి గోక్కున్నాను. ఆ వెంటనే ఎడమకాలు కూడా నాకేం తక్కువ అన్నట్టు మొదలుపెట్టింది.

"ఏమైంది నాన్నా?" అంది మా అమ్మాయి.

"దోమమ్మా" అన్నాను.

మిట్టమధ్యాహ్నం, కనుచూపు మేరలో తడి అనేదే లేని మైదానంలో దోమ. పిల్ల నన్ను ఒకసారి ఎగాదిగా చూసి ఆటకు వెళ్లిపోయింది. నాకిప్పుడు నలభై ఎనిమిదేళ్లు. ఈ కాళ్ల గురించి నేను ఆడుతున్న అబద్ధానికి ముప్పై అయిదేళ్లు. దాన్ని మొదటి నుంచీ ఉన్నదున్నట్టు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది కంబదూరుకు దగ్గరి పల్లె. మా పిల్లతనంలో ముంగారు వానల కోసం ఊరు ఊరంతా మెడలు వెనక్కి విరిచి ఆకాశం వైపు చూస్తూ ఉండేది కాబట్టి పెద్దవాళ్లకు మెడనొప్పులు, ఆ రాని వానకు ఎండి గట్టిపడిన గరుసు నేల మీద ఆడేవాళ్లం కాబట్టి పిల్లలకు కాళ్ల బెణుకులు. మా బడి మైదానమంటే ఎర్రటి గులకరాళ్లు పరిచిన ఒక ఏటవాలు చెక్క. దాని చుట్టూ కాడజెముడు కంచె, ఆకు అన్నదే లేకుండా వేలెడు లావు పచ్చటి పుల్లలు, తుంచితే తెల్లగా పాలు. నడుమ ఖోఖో ఆటకు రెండు గుంజలు. ఆ గుంజలు మా విరిగిపోయిన బండి కాడిమానును రెండు ముక్కలు చేసి పాతినవి. మా నాయన ఆ కాడిమాను బడికి ఇచ్చినందుకే నేను జట్టుకు కెప్టెన్‌ను అయ్యాను తప్ప, పరుగులో నాకంటే మా పాడి ఎనుము నయమని నాయనే అనేవాడు.

కాలు బెణికినా, చెయ్యి విరిగినా, మేక గుంతలో పడినా అందరూ పరిగెత్తేది తిమ్మక్క ఇంటికే. చిన్నా పెద్దా అందరికీ ఆమె తిమ్మక్కే. మా ఇంటికి మూడో ఇల్లు. వాకిట్లో ఎప్పుడూ కాలికి వెదురు దబ్బలు కట్టుకుని మూడు కాళ్ల మీద కుంటే మేకలు నాలుగైదు, అరుగు మీద అలాగే కుంటే మనుషులు ఇద్దరు ముగ్గురు. కట్టు కోసం వచ్చినవాళ్లు రెండు కోడిగుడ్లు తెచ్చుకోవాలి. తెల్లసొనలో మినుముల పిండి కలిపి గిలక్కొట్టి, పాత పంచె చీల్చిన పేలికలను అందులో తడిపి, ఎముకను సర్ది చుట్టేది. సర్దేటప్పుడు రోగి అరవకుండా ఉండడానికి ఆమె వాడే మత్తుమందు తిట్లు. ఆ తిట్లు వింటూ ఉంటే కాలి సంగతి మనిషికి గుర్తుండేది కాదు. చెనిక్కాయల కాలంలో చేటెడు కాయలో, ఉగాదికి నాలుగు తీపి బక్షాలో ఎవరికి తోచింది వాళ్లు పెట్టేవాళ్లు. మా వైపు మందు సగం, చెయ్యివాసి సగం అంటారు. తిమ్మక్క చెయ్యివాసి కోసం ఏటి అవతలి ఊళ్ల నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు.

ఇక మిగిలిన పచ్చసొన. దాన్ని ఆమె ఇనుప గరిటెలో పోసి, ఉప్పూ కారం చల్లి, పొయ్యి మీద చిటచిటలాడించి, వచ్చింది పిల్లలైతే వాళ్ల చేతిలో పెట్టేది. రోజూ సంగటీ ఊరిబిండి పచ్చడీ తినే నోళ్లకు ఆ వాసన వీధి చివరి వరకూ వచ్చి పిలిచేది. ఆ సొన కోసం మా ఊళ్లో పిల్లలకు బెణికినన్ని కాళ్లు ఇంకే ఊళ్లోనూ బెణికి ఉండవు. తిమ్మక్కకు అది తెలియక కాదు. బొటనవేలితో గిలక నొక్కి "ఈడ నొప్పా?" అనేది. అబ్బా అనేవాళ్లం. "ఈడ?" అమ్మా అనేవాళ్లం. చివరికి మా ముక్కు పట్టుకుని "మరి ఈడ?" అనేది. అప్పటికే అరవడం అలవాటైపోయి అయ్యో అని దానికీ అరిచేవాళ్లం. "నాటకాలోడా!" అని నెత్తిన ఒక మొట్టికాయ వేసి, ఊరికే ఒక పేలిక చుట్టి, సొన మాత్రం పెట్టే పంపేది. అబద్ధం నొప్పికి కూడా పెట్టేది.

అలా సాగుతుండగా మా బడికి కొత్త డ్రిల్లు సారు వచ్చాడు. ఆయన ట్రంకు పెట్టెలో ఒక తెల్ల టేపు చుట్ట ఉండేది. ఒక్కటంటే ఒక్కటే. మొదటిరోజే దాన్ని మా జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తే ఓబులేసు కుడికాలికి చుట్టాడు. వెన్నముద్దలా మెరిసే ఆ పట్టీ చూసి మేమంతా నోరు వెళ్లబెట్టాం. మర్నాడు ఓబులేసు ఎప్పటిలాగే పరిగెత్తి, ఎప్పటిలాగే అందరినీ ముట్టేశాడు. కానీ మా లెక్కలో అది టేపు మహిమ. ఓబులేసు కూడా అదే నమ్మి పదకొండు రోజులు దాన్ని విప్పలేదు. ఆ కాలు ఒక్కటీ గడప మీద పెట్టి, మిగతా ఒళ్లంతటికీ నీళ్లు పోసుకునేవాడు. పన్నెండో రోజు వాళ్లమ్మే వాడు నిద్రలో ఉండగా పీకి పొయ్యిలో పడేసింది. ఆ కాలు ఎర్రమట్టి తగలక కుండలోని పిండిలా తెల్లగా, మిగతా ఓబులేసుకు సంబంధం లేనట్టు ఉండింది.

ఏటి అవతలి ఊరి బడితో పోటీ నాటికి సారు దగ్గర టేపు అయిపోయింది. మళ్లీ తెప్పించాలంటే ఎన్నాళ్లు పడుతుందో ఆయనకే తెలియదు. ఆయన పెద్దమనసు గలవాడు. నేరుగా తిమ్మక్క ఇంటికి పోయి, పిల్లలకు గిలకలు మడత పడకుండా గుడ్డతో కట్టగలవా అని అడిగాడు. తిమ్మక్క నా కాలినే నమూనాగా పెట్టుకుని, సారు ఎలా మెలిక వేస్తాడో ఒక్కసారి చూసింది. చూసి నవ్వింది. "ఇదేనా సారూ? మేకకు కట్టినట్లే ఉండాది" అని, మర్నాడు పొద్దున మా తొమ్మిదిమందికీ పంచె పేలికలతో ముచ్చటగా కట్టింది. గుడ్డుసొన పెట్టమని నేను అడిగితే ఒప్పుకోలేదు.

"బాగున్న కాలికి సొన ఏంటికిరా? ఎండి బిగుసుకుంటే కొయ్యకాలే. కట్టు పరిగెత్తదు, కాలు పరిగెత్తల్ల."

ముప్పై అయిదేళ్ల తర్వాత చదువుకున్న కోచ్ నోట అదే మాట విన్నాను. కానీ అప్పుడు నేను పదమూడేళ్ల కెప్టెన్‌ను. నా దృష్టిలో మహిమంతా టేపు అంటుకోవడంలో ఉంది. గుడ్డ అంటుకోదు. అంటుకోనిది కట్టుకుని గెలవడం ఎలా? మాకు ఊళ్లో తెలిసిన జిగురు ఒక్కటే. చిరిగిన పుస్తకానికి అట్ట అంటించాలన్నా, గాలిపటానికి కాగితం అతికించాలన్నా కంచెలో కాడజెముడు పుల్ల తుంచి ఆ పాలు పూసేవాళ్లం. అది పుస్తకానికి పనికొచ్చినప్పుడు కాలికి ఎందుకు పనికిరాదని ఆలోచించాను. ఇంతకంటే ముందూ వెనకా ఏమీ ఆలోచించలేదు. అందరూ సద్ది మూటలు కట్టుకుంటూ ఉండగా కంచె దగ్గర కూర్చుని పుల్ల తర్వాత పుల్ల తుంచి ఒక కొబ్బరి చిప్ప నింపి, ఆకుతో మూసి, చేతిలో పట్టుకున్నాను.

ఎండిన ఏట్లో ఇసుక తొక్కుతూ అవతలి ఊరు చేరాం. సారు కల్యాణదుర్గంలో ఏదో పని చూసుకుని నేరుగా అక్కడికే వస్తానన్నాడు. ఆయన వచ్చేలోపల వాళ్ల బడి గోడ వెనక నేను చిప్ప బయటికి తీశాను.

"ఏమిరా అది?" అన్నాడు ఓబులేసు.

ఇక్కడే ఉంది నేను రాయవలసిన మాట. ఇది నా మందు అంటే తొమ్మిదిమందిలో ఒక్కడు కూడా కాలు చాపడు. ఆ సంగతి నాకు తెలుసు. అందుకని, "తిమ్మక్క మందప్పా. కట్టు లోపలికి పోసుకోమన్నాది. టేపు మాదిరి పట్టుకుంటాదంట" అన్నాను.

తిమ్మక్క పేరు వినగానే కాళ్లన్నీ ఒక్కసారిగా ముందుకొచ్చాయి. అందరికీ కట్టు సందుల్లో పోశాను. కెప్టెన్‌ను కాబట్టి నాకు రెండింతలు పోసుకున్నాను.

ముందు మేం తరమాలి. ఖోఖోలో ఎనిమిదిమంది గుంజల నడుమ వరుసగా గొంతుక్కూర్చోవాలి, వెనక నుంచి తోటివాడు ఖో అనేదాకా లేవకూడదు. కాసేపు బాగానే ఉంది. చెమట పట్టేకొద్దీ లోపల ఏదో పాకుతున్నట్టు, తర్వాత చీమలు కుట్టినట్టు, తర్వాత నిప్పుల మీద గిలకలు పెట్టినట్టు అయింది. నా పక్కవాడు ఎవరూ ఖో అనకుండానే దిగ్గున లేచాడు. ఈల పడింది. వాడు కూర్చోగానే ఇంకొకడు లేచాడు. మళ్లీ ఈల. ఓబులేసు అయితే ముట్టవలసినవాణ్ణి వదిలేసి, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఎగురుతూ రెండు గుంజల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. చూస్తున్న జనం ఇదేదో కొత్త ఎత్తు అనుకుని చప్పట్లు కొట్టారు. అంతలో వాడు ఎగురుతూనే మైదానం దాటి, జనాన్ని చీల్చుకుని, పశువులు నీళ్లు తాగే తొట్టిలోకి దూకాడు. వాడి వెనక నేను. నా వెనక మిగతా ఏడుగురు. తొమ్మిదిమందిమీ ఒకే తొట్టిలో కాళ్లు పెట్టి కూర్చున్నాం. దాహానికి వచ్చిన రెండెద్దులు మమ్మల్ని చూసి వెనక్కి తిరిగాయి. మైదానంలో మిగిలిన అవతలి ఊరి పిల్లలు ముగ్గురు తరిమేవాడు లేక, "సారూ, మేం పరిగెత్తల్లా, నిలబడల్లా?" అని రెఫరీని అడుగుతున్నారు.

సరిగ్గా అప్పుడే మా డ్రిల్లు సారు వచ్చాడు. "ఏం పూసుకున్నారురా?" అన్నాడు. "తిమ్మక్క మందు సార్" అని ఎనిమిది గొంతులు ఏడ్చాయి. తొమ్మిదో గొంతు మెదలకుండా ఊరుకుంది.

సాయంత్రానికి మా గిలకలు పూరీల్లా పొంగాయి. మా ఇంటి ముందు ఊరు చేరింది. తిమ్మక్క పరుగున వచ్చి, కట్టు విప్పి చూసి, "నేను యా మందూ ఇయ్యల్యా. ఒట్టి గుడ్డే కట్టింటి. ఎవరిచ్చినార్రా?" అంది. అందరూ నా వైపు చూశారు. మా నాయన చేతిలో ములుగర్ర ఉంది. నేను ఆ ములుగర్ర వైపు చూసి, తిమ్మక్క వైపు చూసి, "నువ్వే కదా తిమ్మక్కా, కొబ్బరి చిప్పలో పోసిస్తివి. మర్చిపోయినావేమో" అన్నాను.

తిట్లకు పుట్టినిల్లయిన మనిషి తిట్టడమే మరిచిపోయింది. నా కళ్లలోకి చూసింది. నిజంగానే మర్చిపోయానా అని వెతుక్కున్నట్టు చూసింది. మర్నాడు వాళ్ల వాకిట్లో ఇంట్లో ఉన్న చిప్పలన్నీ బయట పెట్టుకుని ఒక్కొక్కటీ వాసన చూస్తూ కూర్చుని ఉంది. నేను మా గోడ మీది నుంచి అది చూశాను. చూసి, దిగి, లోపలికి పోయాను.

"తిమ్మక్కకు మతి తప్పినాది, ఏ మందు ఏమిటికో తెలియకుండా ఇస్తాండాది" అన్నారు ఊరివాళ్లు. చెయ్యి చెడిపోయిందన్నారు. మేకలు కూడా ఆమె వాకిట్లో కుంటడం మానేశాయి. కాలు బెణికితే కల్యాణదుర్గం బస్సు ఎక్కడం మొదలైంది. అప్పుడు ఆమెకు నలభై అయిదేళ్లు ఉంటాయేమో. ఇప్పటి నాకంటే చిన్నది.

మైదానంలో దోమ కుట్టిన ఆ వారమే, ఆదివారం నాడు ఊరికి పోయాను. తిమ్మక్క అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. మొదలుపెట్టి చివరిదాకా చెప్పాను. ఒలవడం ఆపకుండానే విన్నది.

"ఎంత పాలు?" అంది చివరికి.

"చిప్పెడు."

"చిప్పెడా! కంట్లో పడింటే? తొమ్మిదిమందీ గుడ్డోళ్లు అయింటారు కదరా, తిక్క నాయాలా!" అని ముప్పై అయిదేళ్ల బాకీ తిట్లన్నీ ఒకే ఊపున తిట్టింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ తిట్లు అయిపోయాక గొంతు తగ్గించింది. "సంతకు పోతాంటే తలుపుకు గడె పెట్టినానా ల్యాదా అని సగం దోవలో ఎనక్కి వస్తాంటిని. ఇన్నేండ్లు. నా మతి మీద నాకే నమ్మకం ల్యాకుండా చేస్తివి కదప్పా."

వంగి కాళ్లు పట్టుకోబోయాను. చేత్తో నెట్టేసింది.

"నా కాళ్లు పట్టుకుంటే ఏమొస్తాది? నీ కాలు ఇయ్యి. ఈడ కాదు, బస్టాపు కాడ. నా చెవిలో చెప్తే నా చెవిలోనే ఉంటాది."

"బాగున్న కాలేనక్కా."

"ఆ పొద్దూ బాగున్న కాలే కదా. పద."

అలా నేను, ఇద్దరు పిల్లల తండ్రిని, మా ఊరి బస్టాపు దగ్గర ఉగ్గాని, బజ్జీ అమ్మే హోటలు బెంచీ మీద ప్యాంటు మోకాలి వరకూ మడిచి కూర్చున్నాను. అంగట్లో రెండు గుడ్లు కొన్నాను. తిమ్మక్క పగలగొట్టి చూసి, "ఫారం గుడ్లు, నీళ్లు" అని మొహం పక్కకు తిప్పింది. చేతులు వణుకుతున్నాయి కాబట్టి పేలిక ఒక కొస నా పళ్లతో పట్టుకోమంది. అందుకని నా కథలో మొదటి సగం ఎవరికీ అర్థం కాలేదు, మళ్లీ చెప్పించారు. గుంపులో ఓబులేసు ఉన్నాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. గిలక మీద ఆనాటి పాలకు పొక్కిన మచ్చ ఇంకా ఉంది.

"నువ్వారా!" అన్నాడు. "ఈ మచ్చ చూపించి నేను ఈయక్కను ఎన్ని మాటలంటిని! అక్కా, ఈనిది రెండోకాలు కూడా కట్టు. నోరు కూడా కట్టు."

అందరూ నవ్వారు. తిమ్మక్క నవ్వలేదు. కట్టు ముగించి, బొటనవేలితో నొక్కి చూసుకుని, హోటలాయన దగ్గర గరిటె అడిగి పచ్చసొన కాల్చింది. అదే చిటచిట, అదే వాసన. నేను తెలియకుండానే చెయ్యి చాపాను.

"నీకు కాదు" అంది.

ఓబులేసు కాసేపు అటూ ఇటూ చూసి, ఆటో బ్రేకు తొక్కీ తొక్కీ వాచిపోయిన మోకాలు ముందుకు పెట్టాడు. "అక్కా, దీన్ని రొంత చూస్తావా?" ఆమె రెండు చేతులతో ఆ మోకాలు పట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు వెతికింది. తర్వాత గరిటె వాడి చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఇది అనంతపురంలో, కుడికాలు కుర్చీ మీద పెట్టుకుని రాస్తున్నాను. ఆఫీసులో ఎవరు ఏమైందని అడిగినా మొత్తం కథ చెప్పాలని ఆమె షరతు. ఇప్పటికి పద్నాలుగుసార్లు చెప్పాను. బడి చుట్టూ కాడజెముడు పోయి ముళ్లకంచె తీగ వచ్చింది. మా కాడిమాను గుంజలు ఎవరి పొయ్యిలోకి పోయాయో తెలియదు. పిల్లలకు అంటించుకోవడానికి అంగట్లో గమ్ము సీసా దొరుకుతుంది. మూడు కాళ్ల మేకలు ఏ వాకిట్లోనూ లేవు. ఆ కట్టు ఇంకెవరికైనా నేర్పినావా అక్కా అని అడిగితే, "నేర్చుకునేకి ఎవరొచ్చినారు?" అంది. ఆ జవాబుకు నా దగ్గర ఏ దోమా లేదు.

కట్టు తన చేత్తోనే విప్పుతానని, వచ్చే ఆదివారం రమ్మంది. ఈసారి మా అమ్మాయి కూడా వస్తానంటోంది. కోచ్ దగ్గర అడిగి ఒక తెల్ల టేపు చుట్ట తెచ్చింది, తిమ్మక్కకు చూపించి ఆమె దగ్గర ఆ కట్టు నేర్చుకుంటుందట. నాకు మాత్రం రెండు గుడ్లు తెమ్మని తిమ్మక్క ఆజ్ఞ, అవీ నాటువి. నాలుగు రోజులుగా కుంటుతూ ఊరంతా తిరుగుతున్నాను, ఇంకా దొరకలేదు.